అర కిలో నవసాగరం, ఒక విమానం

ఆ రోజుల్లో అబద్ధం చెప్పడం ఎంత సులువో ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. ఎదుటి మనిషి నోట్లోంచి మాట బయటికి రాగానే ఫోన్ తీసి అది నిజమో కాదో తేల్చేసే అలవాటు జనానికి ఇంకా పట్టుకోలేదు. మనిషి కాస్త తిన్నగా కూర్చుని, కళ్లు ఆర్పకుండా మాట్లాడితే చాలు, అయ్యుంటుందిలే అనుకునేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బీఎస్సీ ఫిజిక్స్ అత్తెసరు మార్కులతో గట్టెక్కి, నేను ఇలా తిన్నగా కూర్చోవడం అనే ఒకే ఒక్క అర్హతతో కొత్తగూడెంలో బస్సెక్కి జూలూరుపాడులో దిగాను. అక్కడొక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు కావాలట. బడి అంటే పెద్దగా ఊహించుకోకండి. ఐదు రేకుల గదులు, ఒక వేపచెట్టు, గేటు మీద నీలిరంగులో ఇంగ్లిష్ మీడియం అని గదుల కంటే పెద్ద అక్షరాలు.

ఆ బడి కరస్పాండెంటును పిల్లలు చాటుగా రాకెట్ సార్ అనేవారు. ఉదయం ప్రార్థనలో ఆయన ప్రసంగం ఎక్కడ మొదలైనా సరే, చివరికి అంతరిక్షానికి చేరేది. గోళ్లు కత్తిరించుకోని పిల్లవాడిని నిలబెట్టి, "రేపు రాకెట్ బటన్ నొక్కేటప్పుడు గీ గోరు అడ్డమొస్తే ఏంది నీ పరిస్థితి?" అని అడిగే మనిషి. (ఆ పిల్లవాడు ఇప్పుడు ట్రాక్టర్ల షోరూం నడుపుతున్నాడు. గోళ్లు శుభ్రంగానే ఉన్నాయి.) ఇంటర్వ్యూలో ఆయన న్యూటన్ నియమాలు అడగలేదు, ఓమ్ నియమం అడగలేదు. నా ఫైలు మూసి పక్కన పెట్టి ఒకే ప్రశ్న వేశారు.

"సోల్డరింగ్ వస్తదా అమ్మా?"

"వస్తుంది సార్," అన్నాను.

రాదు. కాలేజీ ల్యాబులో అటెండరు వైర్లు అతికిస్తుంటే కిటికీ బయటినుంచి ఒకసారి చూశాను, అంతే. కానీ అప్పుడు నా వెనక ఇంకో కథ నడుస్తోంది. మా నాన్న బొగ్గు గనుల వర్క్‌షాపులో వెల్డరు. "ఊరు గాని ఊళ్లె ఉద్యోగమెందుకు, మీ చిన్నాయన జిరాక్సు షాపుల కూసోరాదు?" అని ఆయన పట్టు. పోయి చూసుకుంటానని నా పట్టు. చివరికి అమ్మ మధ్యలో పడి ఒప్పందం కుదిర్చింది: ఒక్క అవకాశం ఇస్తారు, ఆ ఉద్యోగం పోతే మాత్రం మారుమాట్లాడకుండా చిన్నాన్న షాపులో కూర్చోవాలి. మా చిన్నాన్న మంచివాడే. కానీ ఆయన షాపులో కూర్చోవడమంటే రోజంతా ఇతరుల పదో తరగతి మెమోలు చూస్తూ, వాళ్లకు నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయని తెలుసుకుంటూ బతకడం. దానికంటే అబద్ధం మేలనిపించింది.

రెండు నెలలు హాయిగా గడిచాయి. మూడో నెలలో ఒక ఉదయం ప్రార్థనలో రాకెట్ సార్ గొంతు సవరించుకుని, ఈసారి వార్షికోత్సవంలో మన బడి మైదానంలో విమానం ఎగురుతుందని, దాన్ని మన సైన్సు మిస్ స్వయంగా తన చేతులతో తయారు చేస్తుందని ప్రకటించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఎవరి గురించో అనుకుని. నా పేరు చెప్పాక కూడా ఇంకో రెండు చప్పట్లు కొట్టినట్టు గుర్తు.

గదిలోకి పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. ఏదో పిల్లల సైన్సు పత్రికలోంచి చించిన బొమ్మ. తేలికపాటి చెక్క రెక్కలు, ముక్కుకు టేప్ రికార్డరు మోటారు, దానికి పంకా. మైదానం మధ్యలో ఒక గుంజ పాతి, గుంజ పక్కన బ్యాటరీ పెట్టి, అక్కడినుంచి రెండు పొడవాటి వైర్లు విమానానికి కలపాలి. మోటారు తిరగగానే విమానం ఆ వైర్లకు కట్టేసిన దూడలా గుంజ చుట్టూ పరిగెత్తి, వేగం పుంజుకుని గాల్లోకి లేస్తుంది. చక్రాల కాళ్లు మాత్రం సైకిల్ స్పోకులతో చేయాలి, మూడు స్పోకులు ఒకదానితో ఒకటి కలిసే మూడుచోట్లా సోల్డరింగు పెట్టాలి. "మిగతాదంత అల్కగనే ఉన్నది. గా అతుకులే కష్టం. నీకేమో అదే వచ్చు. దేవుడే పంపిండమ్మా నిన్ను," అన్నారు రాకెట్ సార్. తర్వాత గొంతు తగ్గించి, "వచ్చే ఏడు అడ్మిషన్లు మొత్తం నీ విమానం మీదనే ఉన్నయి," అని కలిపారు. నిజమైన విమానానికి కూడా అంత బరువు ఎక్కించరు.

చెక్క పని నాకు బాగానే కుదిరింది. రెక్కలు కోసి, అతికించి, పలచని కాగితం చుట్టి, చూసుకుని మురిసిపోయాను. ఇక మిగిలింది అతుకులు. మా వీధి టీవీ మెకానిక్ దగ్గర కరెంటు సోల్డరింగ్ ఇనుము, ఇంత సీసం తీగ అరువు తెచ్చుకుని, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక క్వార్టరు వరండాలో కూర్చున్నాను. మోటారు వైర్లు రెండూ ఎలాగో అంటుకున్నాయి, అంటే అంటుకున్నట్టు నటించాయి. ఆ నటన నేను పట్టుకోలేకపోయాను (సాటి నటులం కదా). స్పోకులు అలా కాదు. సీసం కరిగి స్పోకు మీద పడగానే గుండ్రంగా ముడుచుకుని, దొర్లి, నేల మీద పడేది. మళ్లీ పెడితే మళ్లీ దొర్లేది. స్పోకుకీ సీసానికీ ఏదో పాత కక్ష ఉన్నట్టు ఒకదాన్నొకటి తాకనిచ్చేవి కావు. మధ్యాహ్నమయ్యేసరికి నేల నిండా వెండి గుళికలు, మా అమ్మ ప్లాస్టిక్ చాపకు ఏడు చిల్లులు, నా చూపుడువేలికి ఒక బొబ్బ మిగిలాయి.

నాన్న పేపరు చదువుతున్నట్టే ఉన్నారు కానీ గంటసేపు పేజీ తిప్పలేదు. చివరికి ఉండబట్టలేక లేచారు.

"ఏంది బిడ్డా గది?"

"సోల్డరింగు నాన్నా."

"గదా? ఇరవై ఆరేండ్ల సర్వీసు నాది. బొగ్గు మోసే బెల్టుల కింద గజమంత గడ్డర్లు అతికిచ్చినోన్ని. గీ పుల్లలా నాకు లెక్క? రేపు పట్కపోయి రెండు నిమిషాల్ల అతికిచ్చుకొస్త, ఇటియ్యి."

ఇచ్చాను. ఇవ్వకపోతే ఇంట్లో శాంతి ఉండదు. మరునాడు డ్యూటీ దిగి వచ్చి, సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. విప్పి చూస్తే, మూడు స్పోకులకు గాను ఒకటిన్నర ఉంది. మిగతా ఒకటిన్నర గ్యాసు మంటలో ఎటో వెళ్లిపోయింది. గడ్డర్లు అతికించే మంట ముందు సైకిల్ స్పోకు పెట్టడం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. నాన్నకు అర్థమైందో లేదో తెలీదు.

"మెటల్ మంచిది కాదు," అన్నారు. అని లోపలికి వెళ్లి, ఆ వారమంతా విమానం అన్న మాట వినిపిస్తే లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు.

ఆ రోజునుంచి మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన కొంచెం పొడవు పెరిగింది. జబ్బుతో ఉన్నవారి కోసం, గనిలోకి దిగేవారి కోసం ప్రార్థించాక అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, "ప్రభువా, మా బిడ్డ ఇమానం ఎగిరేటట్టు చూడు. ఎగరకపోయినా సరే, ఎవ్వలి మీద పడకుంట చూడు," అనేది. మొదటి వాక్యంలో కంటే రెండో వాక్యంలోనే ఆమె గొంతులో ఎక్కువ నమ్మకం వినిపించేది.

బడి గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల, తాటాకు పందిరి కింద ఒక ముసలామె కూర్చుని ఉండేది. పాత నూనె డబ్బాలు కత్తిరించి దీపపు బుడ్లు, గరాటులు, ఉప్పు డబ్బాలు చేసేది. అందరూ డబ్బాల పెద్దమ్మ అనేవారు. మూడు నెలలుగా రోజూ ఆమె ముందునుంచే బడిలోకి వెళ్తున్నాను. ఆ బుడ్డికి మూతి ఎలా అంటుకుందని ఒక్కరోజు కూడా ఆలోచించలేదు (ఫిజిక్స్ చదివినవాళ్లం ఇలాంటి చిన్న విషయాలు పట్టించుకోం). ఒక సాయంత్రం బస్సు తప్పిపోయి అక్కడ నిలబడితే, ఆమె రెండు రేకు ముక్కలు పక్కపక్కన పెట్టి, బొగ్గుల కుంపట్లో కాల్చిన రాగి కడ్డీ ఒకటి వాటి మీదుగా నెమ్మదిగా లాగింది. సీసం నీళ్లలా పరుచుకుంది. నా నోరు తెరుచుకుంది.

మరునాడు, కొత్తగా కొని నేను మళ్లీ అతికించబోయిన స్పోకులు తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. ఆమె కళ్లజోడు పైకెత్తి ఒకసారి, కిందికి దించి ఒకసారి చూసింది.

"గిదేంది బిడ్డా? గొర్రె పెంటికలు అంటిచ్చినవా?"

సిగ్గు విడిచి మొత్తం చెప్పేశాను, ఇంటర్వ్యూ సంగతితో సహా. ఆమె తొందరేమీ లేకుండా విని, పొగాకు ముక్క బుగ్గన పెట్టుకుంది. "నువ్వే అతికించియ్యి పెద్దమ్మా, మూడంటే మూడు అతుకులు," అని బతిమాలాను.

"నేనెందుకు అతికిస్త? అబద్ధం నీది, అతుకు నాదా?" అంది. "కూసో, నేర్పిస్త. రేపొచ్చేటప్పుడు షావుకారి దుక్నంల నవసాగరం తీస్కరా. నాది అయిపొయ్యింది."

నవసాగరం అంటే తెల్లటి ఉప్పు గడ్డ. వేడి రాగి కడ్డీని దాని మీద రుద్దితే మసి వదిలి రాగి మెరుస్తుంది, అప్పుడే సీసం పట్టుకుంటుంది. ఇది పెద్దమ్మకు తెలిసిన ఉపయోగం. దానికి ఆ అడవి అంచు ఊళ్లలో ఇంకో ఉపయోగం కూడా ఉందని, నల్లబెల్లంతో కలిపి గుడుంబా అనే నాటుసారా కాసేవాళ్లు దాన్ని వాడతారని, అందుకే ఎక్సైజు వాళ్లు ఆ గడ్డ ఎవరు కొంటున్నారో ఓ కన్నేసి ఉంచుతారని నాకు తెలీదు. షావుకారు "ఎంత గావాలె?" అని అడిగాడు. ఎంత కావాలో పెద్దమ్మ చెప్పలేదు. తెలియనట్టు కనబడటం నా స్వభావంలోనే లేదు కనక, "అర కిలో," అన్నాను దర్జాగా. పెద్దమ్మకు పావుకిలో ఉంటే ఏడాది వస్తుంది.

షావుకారు నా వైపు చూశాడు, నా వెనక లుంగీలో నిలబడి బీడీ కట్ట కొంటున్న మీసాల మనిషి వైపు చూశాడు. మీసాల మనిషి బీడీ కట్ట జేబులో పెట్టుకుని ముందుకొచ్చాడు. ఎక్సైజు కానిస్టేబులట, సెలవులో ఉన్నాడట. సెలవులో కూడా డ్యూటీ మరవని మనిషి మన దేశంలో ఒక్కడే ఉంటే, అతను నా వెనకే నిలబడాలా?

"అర కిలో నవసాగరం దేనికి మేడమ్?"

"విమానం చేయడానికి," అన్నాను. పెద్దమ్మకు చెప్పింది మినహాయిస్తే, ఉద్యోగంలో చేరాక నేను చెప్పిన మొట్టమొదటి నిజం అది.

కొట్టు ముందున్న నలుగురూ నవ్వలేదు. అందుకే భయమేసింది. కానిస్టేబుల్ మాత్రం తల ఊపాడు. "అవ్ మేడమ్. గిది కలిపిన సరుకు తాగినోళ్లంత ఎగురుతనే ఉంటరు. నడువున్రి, మీరు పనిజేసే బడికే పోదాం."

జూలూరుపాడు బజారు పొడవునా నేను ముందు, నవసాగరం పొట్లం పట్టుకుని ఆయన వెనక. మా బడి పిల్లలు కనబడిన ప్రతిచోటా "గుడ్ ఈవెనింగ్ మిస్" అన్నారు, ఒక్కరు కూడా మానకుండా. మంచి క్రమశిక్షణ నేర్పినందుకు ఆ రోజు బాధపడ్డాను. రాకెట్ సార్ మొత్తం విని, నన్ను కాపాడే తొందరలో, మా మిస్ నిజంగానే విమానం తయారు చేస్తోందని, కావాలంటే ఎక్సైజు ఎస్సై గారే వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చి కళ్లారా చూడవచ్చని అనేశారు. (ముఖ్య అతిథి కోసం ఆయన నెల రోజులుగా వెతుకుతున్నారు, ఎవరూ దొరకలేదు. నా పుణ్యమా అని ఆ సమస్య తీరింది.) మరునాడు ఎస్సై జీపులో వచ్చాడు. గంభీరమైన మనిషి. రెక్కలు చూశాడు, మోటారు చూశాడు, నన్ను చూశాడు, నవసాగరం పొట్లం తిరిగిచ్చేశాడు.

"వస్త. ఎగురుతదో లేదో నా కండ్లతోనే చూస్త," అన్నాడు. "ఎగరకపోతే మాత్రం గా నవసాగరం గురించి మళ్లొక్కసారి మాట్లాడుకుందాం మేడమ్."

ఆ విధంగా, జిరాక్సు షాపుతో సరిపోయే ప్రమాదం కాస్తా పోలీసు కాగితాల దాకా పెరిగింది.

వార్షికోత్సవానికి మిగిలిన ఆ మూడు వారాలు నేను ఏ పాఠానికీ చదవనంత శ్రద్ధగా చదువుకున్నాను, తాటాకు పందిరి కింద. బడి వదలగానే వెళ్లి కూర్చునేదాన్ని. స్పోకును గరుకు కాగితంతో తెల్లగా అయ్యేదాకా రుద్దమనేది పెద్దమ్మ. అయిపోయిందంటే వేలితో తాకి, "ఇంకా జిడ్డున్నది," అనేది. తర్వాత సన్నటి రాగి తీగ బిగుతుగా చుట్టాలి. ఒక సీసాలో ఆమె దగ్గర మందు నీళ్లుండేవి, పాత టార్చి సెల్లుల పైనుండే జింకు రేకు వేసి పదును తగ్గించిన యాసిడ్. దాన్ని కోడి ఈకతో పూయాలి. అప్పుడు కడ్డీ కాల్చి, నవసాగరం మీద రుద్దాలి. గుప్పున తెల్లటి పొగ లేచి కళ్లు మండేవి. ఇంత చేశాక కూడా నేను సీసాన్ని కడ్డీతో కరిగించి స్పోకు మీద పొయ్యబోయేదాన్ని, అది మామూలుగానే దొర్లిపోయేది.

"గట్ల గాదు పంతులమ్మా, ఎన్నిసార్లు జెప్పాలె? సీసాన్ని కాదు, పుల్లను కాగనియ్యి. కడ్డీ పుల్ల మీద ఆనిచ్చి ఊకో. జల్దీ పడకు."

"ఎంతసేపు?"

"నీకు బేజారయ్యేదాక. బేజారైనంక ఇంకింతసేపు."

వేడి ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటికి పోతుందని నేను ఎనిమిదో తరగతికి నల్లబల్ల మీద గీసి మరీ చెప్పాను. అది నా చేతికి చేరడానికి పన్నెండు రోజులు పట్టింది. పదమూడో రోజు, కడ్డీ ఆనించి, విసుగొచ్చి, ఆ తర్వాత ఇంకాస్త ఆగి, సీసం తాకించాను. అది ఒక్కసారిగా మెత్తబడి, రాగి తీగ చుట్ల సందుల్లోకి జారి, చుట్టూ తిరిగి, అద్దంలా నిలిచింది. పరీక్షల్లో పాసైనప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు, ఎందుకంటే అక్కడ ఎలా పాసయ్యానో నాకే తెలీదు. ఇది తెలిసి చేశాను.

పెద్దమ్మ అతుకును గోటితో గీరింది, విరవడానికి చూసింది, రాలేదు. "ఊఁ," అంది. "ఇంక రెండున్నయి."

వార్షికోత్సవం మధ్యాహ్నం మూడింటికి. షామియానా, మైకు, తల్లిదండ్రులు, బస్సులో వచ్చిన మా అమ్మా నాన్నా. (నాన్న చూడటానికి రాలేదట, అమ్మకు తోడుగా వచ్చారట.) రాకెట్ సార్ తన జీపు బ్యాటరీ విప్పించి గుంజ పక్కన పెట్టించారు. ఆయన ప్రసంగం భూమినుంచి బయల్దేరి చంద్రుణ్ణి దాటి, ఇంకా ముందుకు పోతుండగా ఎస్సై చేతి గడియారం చూసుకున్నాడు. అప్పుడు ఆయన్ని గుంజ దగ్గరికి తీసుకెళ్లి, బ్యాటరీకి వైరు తగిలించి ప్రారంభించమన్నారు. తగిలించాడు.

ఏమీ కాలేదు.

మళ్లీ తగిలించాడు. విమానం ప్రార్థనలో మునిగినట్టు నిశ్చలంగా ఉంది. నేను పరిగెత్తి చూస్తే, మోటారు దగ్గర ఒక వైరు ఊడి వేలాడుతోంది. వరండాలో మొదటి ఆదివారం నటించిన వైరు. కొత్త అతుకుల గర్వంలో ఆ పాతవాటిని మళ్లీ చూసుకోలేదు. బడిలో కరెంటు లేదు, మైకు కూడా జనరేటరు మీద నడుస్తోంది. ఎస్సై నా వైపు అదో రకంగా చూస్తూ, "అయితే మేడమ్..." అని మొదలుపెట్టాడు.

వెనక వరసలోంచి గొంతు లేచింది. "ఏమైంది బిడ్డా? ఊడిందా? కుంపటి ఇంక ఆరలేదు, తేపో!" పెద్దమ్మ. నేను పిలిస్తే వచ్చి, ముందు కుర్చీలు పెద్దవాళ్లకని ఎవరో వెనక్కి పంపితే వెనకే కూర్చుంది.

రెండు వైర్లనూ గుంజ దగ్గర విప్పి, విమానం చంకన పెట్టుకుని రోడ్డు దాటాను. నా వెనక ఎస్సై, ఆయన వెనక రాకెట్ సార్, ఆయన వెనక బడి మొత్తం. తాటాకు పందిరి చుట్టూ మూడు వందలమంది నిలబడ్డారు. కడ్డీ తీసి నవసాగరం మీద రుద్దాను. గుప్పున పొగ లేచింది.

"ఓహో," అన్నాడు ఎస్సై ముందుకు వంగి. "గిందుకా?"

"మరి ఏమనుకున్నవ్ సారూ?" అంది పెద్దమ్మ. "జరగున్రి, గాలాడనియ్యున్రి పిల్లకు."

వైరును శుభ్రం చేసి, కడ్డీ ఆనించి, ఊరుకున్నాను. మూడు వందలమంది ముందు ఊరుకోవడం చాలా కష్టమైన పని. విసుగొచ్చింది. ఇంకాస్త ఆగాను. సీసం పారింది. ఇంకో వైరును లాగి చూస్తే అదీ చేతిలోకి వచ్చింది, దాన్నీ పెట్టాను. వంచిన తల ఎత్తితే, జనంలో మా నాన్న మునివేళ్ల మీద నిలబడి ఉన్నారు.

మైదానానికి తిరిగొచ్చి ఎస్సై మళ్లీ వైరు తగిలించగానే మోటారు గుర్రుమంది. విమానం గడ్డిలో గంతులేస్తూ కదిలింది, ఒక చుట్టు, రెండు చుట్లు, మూడో చుట్టులో చక్రాలు నేల విడిచాయి. పిల్లల అరుపులకు వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. నేను గెంతాను. గెంతుతూ గెంతుతూ ఉండగా తట్టింది, దీన్ని ఎలా దింపాలో నేను అసలు ఆలోచించలేదు. ఎగురుతుందన్న నమ్మకం ఉంటే కదా దింపడం గురించి ఆలోచించేది!

అదీ, దాని వైర్లూ సరిగ్గా మనిషి మెడ ఎత్తున తిరుగుతున్నాయి. గుంజ దగ్గర, వలయం మధ్యలో, ముఖ్య అతిథి గారూ రాకెట్ సారూ ఉండిపోయారు. మొదటి చుట్టుకు ఇద్దరూ తల వంచారు, రెండో చుట్టుకు నడుము వంచారు, తర్వాత గౌరవంగా గొంతుకూర్చున్నారు. విమానం పైన జోరీగలా తిరుగుతుంటే, కింద రాకెట్ సార్ మైకు వదలకుండా, "ప్రియమైన తల్లిదండ్రులారా, గిదే మన బడి ప్రమాణం," అని కూర్చునే చెబుతున్నారు. ఎస్సై టోపీ ఒళ్లో పెట్టుకుని, "వైరు పీకున్రి సార్," అంటున్నాడు. "షాక్ కొడ్తదేమో, మీరు పీకున్రి," అంటున్నారు రాకెట్ సార్, జీపు బ్యాటరీ షాకు కొట్టదని ఎనిమిదో తరగతి పిల్లలందరూ అరిచి చెబుతున్నా వినకుండా. చివరికి ఎస్సైయే చెయ్యి చాచి వైరు లాగేశాడు.

విమానం ముక్కు దించి, నేలను తాకి, ఎగిరి, మళ్లీ తాకి, పల్టీ కొట్టింది. దగ్గరికెళ్లి చూస్తే ఒక రెక్క విరిగింది, పంకా ముక్కలైంది, మోటారు పక్కకు ఒరిగింది. కాళ్లు మాత్రం ఆకాశం వైపు చూస్తూ నిటారుగా ఉన్నాయి. మూడు అతుకులూ చెక్కుచెదరలేదు.

ఎస్సై ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకుని, "ఎగిరింది," అన్నాడు, సాక్ష్యం చెప్పినట్టు. అంతకు మించి ఆ నవసాగరం గురించి ఎవరూ మాట్లాడలేదు.

సన్మానాలయ్యాక రాకెట్ సార్ గదిలోకెళ్లి, ఇంక దాచలేక చెప్పేశాను. "సార్, ఇంటర్వ్యూలో సోల్డరింగు వస్తుందన్నాను కదా. అప్పుడు నాకు రాదు."

ఆయన టీ సాసర్లో పోసుకుని ఊదారు. "తెలుసమ్మా. మా టీవీ బాగుచేసేటోడు మీ వీధివాడే. చాపకు చిల్లులు పడ్డరోజే జెప్పిండు."

"మరి తీసెయ్యలేదేం సార్?"

"రానోళ్లను తీసేసుడు మొదలు పెడితే ముందుగాల నేనే పోవాలె. బయట బోర్డు మీద ఇంగ్లిష్ మీడియమని రాసిన, నాకు ఇంగ్లిష్ ఒస్తదా?" అని టీ తాగేశారు.

ఇంటికెళ్లే బస్సులో విరిగిన విమానం నా ఒళ్లో ఉంది. అమ్మ కిటికీ పక్కన కునుకు తీస్తోంది. రోడ్డుకిరువైపులా అడవి చీకటి పడుతోంది. నాన్న మెల్లగా చెయ్యి చాచి, స్పోకులు కలిసే చోటును బొటనవేలితో తడిమారు. ఒత్తి చూశారు. చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టారు కూడా, ఎందుకో ఆయనకే తెలియాలి.

"గీ అతుకు నువ్వే పెట్టినవా?"

"అవ్ నాన్నా."

"నడిమిట్ల సీసం జరంత ఎక్కువైంది," అన్నారు. తర్వాత, మెటల్ సంగతి ఎత్తకుండా, నా వేలి మీది బొబ్బ మచ్చను చూసి, "బర్నాలు రాసినవా?" అని అడిగారు.

మరునాడు ఉదయం బస్సుకు నేను మామూలు కంటే ముందే తయారయ్యాను. విమానాన్ని బాగు చేయడానికి మళ్లీ బడికి మోసుకెళ్తున్నాను. దారంతా జనం అడుగుతారు కదా, ఏమని చెప్పాలో రాత్రే సిద్ధం చేసుకున్నాను: ఎగిరిన చుట్లు ఎన్ని, ఎత్తెంత, అతుకుల రహస్యమేమిటి, అన్నీ, మరీ గొప్ప చెప్పుకున్నట్టు కాకుండా కాస్త వినయం కలిపి. కండక్టరు టికెట్టిచ్చి వెళ్లిపోయాడు. ఎదుటి సీటాయన నిద్రపోయాడు. సగం దారిలో ఒకావిడ టమాటాల గంపతో ఎక్కి, నన్నూ విమానాన్నీ తేరిపార చూసింది. నేను గొంతు సవరించుకున్నాను.

"జర గా బొమ్మను అవతల పెట్టుకో బిడ్డా, గంప పెట్టుకుంట," అంది.

పెట్టుకున్నాను. వినయంతో సహా మొత్తం ప్రసంగం కడుపులో పెట్టుకుని, రెక్క విరిగిన విమానాన్ని గుండెకు హత్తుకుని, టమాటాల గంప మోకాళ్లకు గుచ్చుకుంటుంటే, లోకమంతా తననే చూస్తోందని ఇంకా నమ్ముతూ కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్లను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఆ నమ్మకాన్ని తలుచుకుంటే మాత్రం కొంచెం అసూయగా కూడా ఉంటుంది.